తవుడు విలువ నెరిగిన వైద్యుడు: క్రిస్టియాన్ ఐక్‌మన్

మన గ్రంథాలయమునకు ఇరువదియైదు సంవత్సరములు నిండిన ఈ శుభసమయమున, రజతోత్సవ సంచికకు ఒక మహనీయుని చరిత్రము వ్రాసి యిమ్మని కార్యవర్గమువారు నన్ను కోరిరి. రాజులను గూర్చియు, కవులను గూర్చియు చక్కగా వ్రాయగల పెద్దలు మన ఊరను పలువురు కలరు. నేను ఊరి లెక్కలు వ్రాయుచు తల నెరసినవాడను. ఎకరములు, పుట్లు, బస్తాలు నాకు తెలిసిన భాష. కావున ఆ భాషకు దగ్గరగా నుండు చరిత్రమునే యెన్నుకొంటిని. అది వడ్లగింజను గూర్చినది; ఆ గింజ మీది సన్నని పొరను గూర్చినది; ఆ పొర పోయినచో మానవుని నరములును గుండెయు చెడునని లోకమునకు త్రోవ చూపిన యొక వైద్యుని గూర్చినది. ఆయన పేరు క్రిస్టియాన్ ఐక్‌మన్.

ఐక్‌మన్ మన దేశీయుడు కాడు. ఆయన హాలండు దేశస్థుడు. మచిలీపట్టణమున వలందపాలెమను పేరు నిలుపుకొనిన ఆ వలందా జాతివాడు. ఆయన మహాకార్యము నెరవేరినది జావా ద్వీపమున, బటావియా నగరమున. ఆ నగరమే నేటి జకార్తా. అయినను జావావారు మనవలెనే వరియన్నము తినువారు. వారి కంచమునకు కలిగిన చిక్కే మన సర్కారు జిల్లాల కంచమునకును కలిగినది. ఆ చిక్కును తుదముట్ట విప్పినవాడు మన నెల్లూరున పుట్టినవాడే యని చదువరులు ముందు చూడగలరు. కావున ఇది దూరదేశపు కథయైనను పరాయి కథ కాదు.

బాల్యము, విద్య

ఐక్‌మన్ 1858వ సంవత్సరము ఆగస్టు 11వ తేదీన నైకర్క్ అను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి యచ్చటి పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడు. దంపతుల సంతానములో ఇతడు ఏడవవాడు. మరుసటి యేట తండ్రికి జాండాం పట్టణమున క్రొత్తగా నెలకొల్పిన పాఠశాల పెద్దరికము లభింపగా కుటుంబమంతయు అచ్చటికి తరలిపోయెను. బాలుడు అచ్చటనే చదువుకొనెను.

1875లో ఆయన ఆమ్‌స్టర్‌డాం విశ్వవిద్యాలయమునకు చెందిన సైనిక వైద్య పాఠశాలలో చేరెను. అచ్చట చదివినవారు తూర్పు ద్వీపములలోని డచ్చి సైన్యమునకు వైద్యులుగా పోవలసియుండెడిది. చదువుచుండగనే ఆయన శరీరధర్మశాస్త్ర ఆచార్యునికి సహాయకుడై, ప్రయోగములు చేయు విధానమును అలవరచుకొనెను. నరములలో విద్యుచ్ఛక్తి వర్తించు తీరును గూర్చి సిద్ధాంతవ్యాసము వ్రాసి, 1883లో గౌరవపూర్వకముగా డాక్టరు పట్టమును పొందెను. ఆయన కీర్తికి కారణమైన వ్యాధియు నరములను పీడించునదే. తానెందుకు నేర్చుచున్నాడో ఎరుగకయే ఆయన తనకు కావలసిన విద్యను నేర్చుకొనెను.

ఆ సంవత్సరమే వివాహము చేసికొని, భార్యతో ఓడ యెక్కి జావాకు చేరెను. సెమరాంగ్, చిలచప్ అను పట్టణములందును, సుమత్రాలోని పడాంగ్ సిడెంపువాన్ నందును వైద్యాధికారిగా పనిచేసెను. చిలచప్ నందు మలేరియా జ్వరము పట్టి ఆయన ఆరోగ్యమును క్రుంగదీసెను. 1885లో సెలవుపై స్వదేశమునకు తిరిగిపోవలసి వచ్చెను. మరుసటి యేట భార్య మరణించెను. వివాహమై మూడేండ్లు మాత్రమే. రోగపీడితుడై, భార్యావియోగియై, ఇరువదెనిమిదేండ్ల వయసున నిలిచిన ఆ యువకుడు ఇంక ఆ ఉష్ణదేశముల ముఖము చూడడనియే ఎవరైనను తలంతురు. ఆయన అట్లు చేయలేదు. బెర్లిను నగరమునకు పోయి, క్షయవ్యాధి క్రిమిని కనుగొని ప్రఖ్యాతుడైన రాబర్ట్ కాక్ పండితుని పరిశోధనాలయమున క్రిమిశాస్త్రము నేర్వ మొదలిడెను.

బెరిబెరి వ్యాధి

ఆ కాలమున తూర్పుదేశములను పీడించుచుండిన వ్యాధులలో బెరిబెరి యొకటి. అది రెండు రూపములు గలది. మొదటి రూపమున కాళ్ళు తిమ్మిరెక్కి, పిక్కలు నొచ్చి, క్రమముగా స్వాధీనము తప్పి, రోగి ఎండిన కట్టెవలె నగును. రెండవ రూపమున కాళ్ళకు నీరు దిగి ఉబ్బును. నాలుగడుగులు వేసినంతనే ఆయాసము వచ్చును. గుండె సాగి పెద్దదై, తన పని తాను చేయజాలక, నిన్న తిరిగిన మనుష్యుడు నేడు హఠాత్తుగా మరణించును. ముదుసలులకన్న బలిష్ఠులైన సైనికులకు, నావికులకు, గనుల కూలీలకు, చెరసాలలోని ఖైదీలకు ఇది యెక్కువగా వచ్చెడిది. తల్లి యొంట లోపముండిన చంటిబిడ్డలును గుండె నిలిచి పోయెడివారు.

1873లో డచ్చివారు సుమత్రా ద్వీపమున అచే రాజ్యముతో యుద్ధము ప్రారంభించిరి. ఆ యుద్ధమున శత్రువుల ఆయుధములతో పాటు బెరిబెరియు వారి దండును నేలకూల్చెను. కారణము తెలిసికొనుటకై ప్రభుత్వము 1886లో పెకెల్‌హారింగ్, వింక్లర్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులను జావాకు పంపెను. వారు ప్రయాణమునకు ముందు బెర్లినులో కాక్ గారి పరిశోధనాలయమును చూడ వచ్చి, అచ్చట ఐక్‌మన్‌ను కలిసికొనిరి. ఆయనను సహాయకునిగా తమ వెంట తీసికొనిపోయిరి. తన ఆరోగ్యమును హరించిన నేలకే ఐక్‌మన్ తిరిగి చేరెను.

అది క్రిమిశాస్త్రమునకు మహోజ్జ్వల కాలము. క్షయ, కలరా మున్నగు వ్యాధులకు కారణమైన క్రిములు ఒక్కొక్కటిగా పట్టుబడుచుండెను. బెరిబెరికిని ఒక క్రిమియే కారణమై యుండునని అందరును నమ్మిరి. ఇరువురు పండితులును రోగుల రక్తమున ఒకానొక క్రిమిని చూచితిమని తలచి, సైనికుల నివాసములను మందుజల్లి శుభ్రపరుపవలెనని చెప్పి 1887లో స్వదేశమునకు మరలిరి. మిగిలిన పని ఐక్‌మన్ పాలబడెను. 1888 జనవరిలో ఆయన బటావియా సైనిక వైద్యశాలలోని చిన్న పరిశోధనాలయమునకు మొదటి అధ్యక్షుడయ్యెను. జావా బాలురకు వైద్యము నేర్పు పాఠశాలకును ఆయనయే అధ్యక్షుడు. ఆ యేటనే పునర్వివాహము చేసికొనెను. రెండేండ్లకు కలిగిన కుమారుడును పెరిగి వైద్యుడే యయ్యెను.

కోళ్ళు చెప్పిన రహస్యము

క్రిమిని నిరూపించుటకు ఐక్‌మన్ రోగుల రక్తమును జంతువుల దేహమున ఎక్కించి చూచెను. పని త్వరగా తెమలుటకై కోళ్ళను తెప్పించెను. అవి చౌక, అనేకముగ ఉంచుకొనవచ్చును. కొన్నాళ్ళకు కోళ్ళు జబ్బుపడెను. కాళ్ళు తూలి, నిలువలేక, రెక్కలు వ్రాల్చి, మెడ వ్రేలవైచి, ఊపిరి యాడక చచ్చుచుండెను. నరములను పరీక్షింపగా బెరిబెరి రోగుల నరములవలెనే చెడియుండెను. శాస్త్రజ్ఞుడు సంతసింపవలసిన సమయమది. అయితే చిత్రమేమనగా, రక్తము ఎక్కింపని కోళ్ళును అట్లే జబ్బుపడెను. ఒకదానినుండి యొకదానికి అంటుకొనుచున్నదేమో యని వేరువేరుగా నుంచి చూచెను; అయినను ఫలము లేదు. క్రిమి కనబడలేదు. ఇంతలో మరొక చిత్రము జరిగెను. జబ్బు హఠాత్తుగా మాయమయ్యెను. బ్రతికియున్న కోళ్ళు తేరుకొనెను. క్రొత్తగా ఏదియు జబ్బుపడలేదు.

సామాన్యుడైనచో పీడ విరగడయైనదని యూరకుండెడివాడు. లేదా తన ప్రయోగము చెడినదని కాగితములను చింపివైచెడివాడు. ఐక్‌మన్ ఆ నెలలలో ఏమేమి మారినదో విచారించెను. కోళ్ళను చూచు పనివాని వలన అసలు సంగతి తెలియవచ్చెను. కొన్ని నెలలుగా అతడు ఖర్చు తగ్గించుటకై వైద్యశాల వంటయింట మిగిలిన తెల్లని అన్నమును కోళ్ళకు వేయుచుండెను. పిమ్మట వంటవాడు మారెను. క్రొత్తగా వచ్చినవాడు సైనికులకు వండిన అన్నము సైన్యమునకు చెందని కోళ్ళకు పెట్టనని నిరాకరించెను. విధిలేక పనివాడు మరల చౌకబియ్యమును, పైపొర పోనివానిని, వేయసాగెను. అన్నము వేసిన నెలలలో జబ్బు. అన్నము మానిన నాటినుండి ఆరోగ్యము. ఆ వంటవాని పేరు లోకమునకు తెలియదు. అతని కాఠిన్యము వైద్యశాస్త్రమునకు మహోపకార మయ్యెను.

ఇచ్చట చదువరులకు బియ్యపు గింజ స్వరూపమును కొంచెము చెప్పవలెను. వడ్లపై నుండు ఊక పోగా మిగిలినది ముడిబియ్యము. దానిపై ఎర్రగానో, గోధుమ వన్నెగానో ఒక పలుచని పొరయు, కొనయందు మొలకకు మూలమైన బీజాంకురమును ఉండును. ఈ రెండును దంపులోగాని, మరలోగాని రాలి తవుడగును. రోకటి దంపున కొంత పొర నిలుచును. పందొమ్మిదవ శతాబ్దము చివర ఆవిరి మరలు వచ్చి పొరను పూర్తిగా గీసివేసి బియ్యమును ముత్యములవలె తెల్లచేయ మొదలిడెను. తెల్లని బియ్యము పెద్దరికమునకు గురుతయ్యెను. నిలువయుంచినను పురుగు పట్టక చాలకాలము నిలిచెను. అందుచేతనే సైన్యములకు, ఓడలకు, చెరసాలలకు అదియే సరఫరా యయ్యెను. బెరిబెరియు సరిగ ఆ చోటులకే పోయి చేరెను.

ఐక్‌మన్ ఇప్పుడు తన విచారమును క్రిమినుండి గింజకు మరల్చెను. ఇది చెప్పుటకు సులభము. కాక్ పండితుని శిష్యుడై, క్రిమిని పట్టుటకే నియమితుడై, అందరును క్రిమియే యనుచుండగా, కంటికి కనబడు దానిని ఒప్పుకొని త్రోవ మార్చుకొనుట మహాధైర్యము. ఆయన కొన్ని కోళ్ళకు తెల్లబియ్యమును, కొన్నిటికి ముడిబియ్యమును వేసెను. మొదటివి జబ్బుపడెను, రెండవవి బాగుండెను. బియ్యము పాతదో క్రొత్తదో, పచ్చిదో వండినదో యను భేదములవలన మార్పు లేదు. సగ్గుబియ్యము వంటి వట్టి పిండి పదార్థములు వేసినను జబ్బు వచ్చెను. తెల్లబియ్యమునకే తవుడు కలిపి వేసినచో జబ్బు రాలేదు, వచ్చినదియు మానెను. తవుడును నీట నానబెట్టి తీసిన రసము కూడ అదే గుణమును చూపెను. దానినిబట్టి ఆ రక్షకపదార్థము నీట కరుగునదని తేలెను.

చెరసాలల లెక్కలు

కోళ్ళకు కలిగినది మనుష్యులకును కలుగునని యెట్లు నమ్ముట? తోటివైద్యులు ఈ ప్రశ్నయే వేసి, కొందరు పరిహసించిరి. దీనికి సమాధానము ఒక లెక్కల పుస్తకమునుండి వచ్చెను. ఈ ఘట్టమును నేను కొంచెము విపులముగా చెప్పుటకు చదువరులు నన్ను మన్నింతురుగాక. లెక్కలు వ్రాయువానికి ఇంతకన్న ప్రియమైన కథ మరియొకటి లేదు.

జావాలోని చెరసాలలలో ఆయా ప్రాంతముల ఆచారమునుబట్టి బియ్యము వేరువేరుగా నుండెను. కొన్నిట పైపొర గల బియ్యము, కొన్నిట తెల్లబియ్యము, కొన్నిట రెండును కలిపి పెట్టెడివారు. ఐక్‌మన్ తన సంగతులను వోర్డర్‌మన్ అను ఆరోగ్య తనిఖీ అధికారికి తెలుపగా, ఆయన 1895 మొదలుకొని 101 చెరసాలలను విచారించెను. ఆ చెరసాలలలోని ఖైదీల మొత్తము సుమారు 2,80,000. ఏ చెరసాలలో ఏ బియ్యము, ఎందరికి జబ్బు అను పట్టీని తయారుచేసెను. పొరగల బియ్యము తినినవారిలో బెరిబెరి పదివేలకు ఒక్కనికి మాత్రమే వచ్చెను. తెల్లబియ్యము తినినవారిలో ముప్పది తొమ్మిదిమందికి ఒకనికి వచ్చెను. గాలి వెలుతురుల లోపమా, భవనముల పాతదనమా, జనసమ్మర్దమా, నేల యెత్తుపల్లములా యని ఆయన వాటికిని పట్టీలు వేసి చూచెను. వేనికిని జబ్బుతో పొత్తు కుదరలేదు, బియ్యమునకే కుదిరెను.

ఈ పట్టీలో ఒక్కొక్క అంకె వెనుక ఒక్కొక్క ప్రాణమున్నది. ఆ చెరసాలల గుమాస్తాలు తాము వ్రాయుచున్న అంకెలు వైద్యశాస్త్రమున నిలిచిపోవునని కలనైన తలంచి యుండరు. వారు ఏ దినమున ఎంత బియ్యము, ఎందరు రోగులు అను మాటను నిజముగా వ్రాసిరి; అంతే. సరిగ వ్రాసిన లెక్క సూక్ష్మదర్శినితో సమానము. తప్పుడు లెక్క ఒక్కొక్కప్పుడు మనుష్యుల ప్రాణములు తీయును.

గురువు చూడనిది శిష్యస్థానీయుడు చూచుట

ఐక్‌మన్ వాస్తవమును కనుగొనెనుగాని, దాని అర్థమును మొదట సరిగా గ్రహింపలేదు. వట్టి పిండి పదార్థము కడుపులో నొక విషమును పుట్టించుచున్నదనియు, తవుడులో ఆ విషమునకు విరుగుడున్నదనియు ఆయన తలంచెను. క్రిమియు, విషమును తప్ప వ్యాధికి మరియొక కారణము ఊహింపజాలని కాలమది. ఉన్నదానివలన కాక, లేనిదానివలన జబ్బు వచ్చునను భావము అప్పటి పండితులకు తోచుట కష్టము.

1896లో ఆరోగ్యము చెడి ఆయన స్వదేశమునకు పోయిన పిమ్మట, బటావియాలో ఆ పనిని గెరిట్ గ్రైన్స్ అను వైద్యుడు కొనసాగించెను. మాంసమును అత్యధికమైన వేడిలో చాలసేపు కాచి వేసినను కోళ్ళకు అదే జబ్బు వచ్చుటను గ్రైన్స్ చూచెను. మాంసమున పిండి పదార్థము లేదు. కావున పిండివిషమను వాదము నిలువదు. మనము నిత్యము వాడు పెసలు వేసినచో జబ్బు నయమగుటను కూడ ఆయన కనుగొనెను. 1901లో ఆయన తేల్చినది యేమనగా, తవుడులోను పెసలలోను నరములకు అత్యవసరమైన యేదో పదార్థము స్వల్పముగ నున్నది. అది ఆహారమున లోపించుటయే వ్యాధి. కాలక్రమమున ఐక్‌మన్ కూడ ఈ మార్గమునకే వచ్చెను. తన పనిని పొరుగువాడు దిద్దుటను సహించుట పండితులలో నరుదు.

న్యాయముకొరకు మరియొక పేరును చెప్పవలెను. ఐక్‌మన్ కంటె ముందే జపాను నౌకాసైన్యమున తకాకి అను వైద్యుడు 1884లో నావికుల భోజనమును మార్చి బెరిబెరిని దాదాపుగ రూపుమాపెను. అయితే మాంసకృత్తుల లోపమే కారణమని ఆయన తలంచెను. ఇట్లు ఒకడు మందును కనుగొని కారణము నెరుగక, ఒకడు కారణము దాపునకు వచ్చి పేరు నెరుగక, ఒకరి భుజముపై నొకరు చేయివైచి చీకటిలో నడచిరి. శాస్త్రము ఒక్కని సొత్తు కాదు.

ఉత్తర జీవితము

1898లో ఐక్‌మన్ ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయమున ఆరోగ్యశాస్త్ర ఆచార్యుడయ్యెను. ఉష్ణదేశములలో ఐరోపావారి రక్తము పలుచబడుననియు, దేహధర్మములు మారుననియు అప్పటివరకు ఉండిన నమ్మకము వట్టిదని ఆయన జావాలోనే కొలతలు వేసి నిరూపించియుండెను. ఉట్రెక్ట్‌లో త్రాగునీటిని గూర్చి శ్రమించెను. మలముచే కలుషితమైన నీటిని గుర్తించుటకు, నీటిని 46 డిగ్రీల వేడియందుంచి పులియబెట్టి పరీక్షించు పద్ధతిని ఆయన కల్పించెను. అది ఆయన పేరనే ప్రసిద్ధి గాంచెను. దేశములో నివాసముల పరిశుభ్రత, క్షయనివారణ మున్నగు ప్రజాహిత కార్యములందును ఆయన పాలుగొనెను.

1912లో కాజిమిర్ ఫంక్ అను శాస్త్రజ్ఞుడు ఇట్టి ప్రాణాధార పదార్థములకు విటమిన్ అని నామకరణము చేసెను. 1926లో బటావియాలోని ఆ పరిశోధనాలయముననే యాన్సెన్, డోనాత్ అను ఇరువురు, వందల కిలోగ్రాముల తవుడునుండి చిటికెడు స్ఫటికములను వేరుచేసిరి. ఆ స్ఫటికములను ఉట్రెక్ట్‌కు పంపగా వృద్ధుడైన ఐక్‌మన్ పావురములపై ప్రయోగించి, వాటి గుణమును స్థిరపరచెను. తాను ముప్పదియేండ్లకు పైగా వెనుక నీటిలో కరగించి చూచిన దానిని ఆయన తుదకు కంటితో చూచెను.

1929లో వైద్యశాస్త్రమునకు నోబెల్ బహుమానము ఆయనకును, ఇంగ్లండుకు చెందిన హాప్‌కిన్స్ పండితునకును కలిపి యీయబడెను. వ్యాధిగ్రస్తుడైన ఐక్‌మన్ స్టాక్‌హోముకు పోయి దానిని స్వయముగ స్వీకరింపలేకపోయెను. గ్రైన్స్‌కు అందు భాగము రాలేదు, ఇది కొరతయే. 1930 నవంబరు 5వ తేదీన ఉట్రెక్ట్‌లో ఐక్‌మన్ కీర్తిశేషుడయ్యెను. 1938లో బటావియా పరిశోధనాలయమునకు ఆయన పేరు పెట్టిరి.

మన దేశముతో సంబంధము

ఆ స్ఫటికముల నిర్మాణమును పూర్తిగా తెలిసికొని, 1936లో వానిని కృత్రిమముగా తయారుచేసినవాడు రాబర్ట్ విలియమ్స్. ఈయన అమెరికా దేశస్థులైన మిషనరీ దంపతులకు 1886లో మన నెల్లూరున జన్మించెను. 1910లో ఫిలిప్పీన్ ద్వీపములలో ఉద్యోగమున నుండగా, బెరిబెరి సోకిన శిశువులకు తవుడు రసముతో నయమగుటను చూచి ఆ పదార్థమును పట్టవలెనని పూనిక వహించి, ఇరువదియారేండ్లు శ్రమించెను. దానివలన వచ్చిన ధనములో పెద్దభాగమును ఆహారలోప వ్యాధుల నివారణకై ధర్మనిధిగా నేర్పరచెను. వడ్లకు పేరుగాంచిన నెల్లూరున పుట్టినవాడే వడ్లలోని ప్రాణపదార్థమును సాధించుట మనకు గర్వకారణము. ఆ పదార్థమే థయమిన్, లేక బి1 విటమిన్.

ఇంతకును మన సర్కారు జిల్లాలకు బెరిబెరి క్రొత్తది కాదు. మాల్కంసన్ అను వైద్యుడు 1835లోనే మద్రాసునుండి బెరిబెరిని గూర్చి గ్రంథము ప్రకటించెను. ఉత్తర సర్కారులు ఆ వ్యాధికి నిలయముగ వైద్యులకు తెలిసియుండెను. తమిళదేశమున ఉప్పుడుబియ్యము వాడుక. వడ్లను నానబెట్టి, ఉడికించి, ఎండబెట్టినందున పొరలోని సారము కొంత గింజ లోపలికి దిగును. పిమ్మట మరపట్టినను మిగులును. మలయాలో తెల్లబియ్యము తినిన చీనా కూలీలకు బెరిబెరి రాగా, ఉప్పుడుబియ్యము తినిన తమిళ కూలీలు తప్పించుకొనుటకు కారణమిదియే. మన కోస్తాలో పచ్చిబియ్యమే రివాజు. మరలు వచ్చిన పిమ్మట సారమంతయు తవుడుతో పోయెను. ఈ వ్యాధిని విచారించుటకై 1918లో కూనూరులో ఒక్క గదిలో ప్రారంభమైన పరిశోధనాలయమే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు పొందెను. ఐక్‌మన్ కోళ్ళదొడ్డికిని తార్నాకలోని ఆ సౌధమునకును బంధుత్వము కలదని మనవారు అనేకులు ఎరుగరు.

గుండెకును తవుడుకును సంబంధము

తవుడుపొరకును గుండెకును లంకె యేమి యని చదువరులు అడుగవచ్చును. మనము తిను అన్నము దేహమున శక్తిగా మారుటకు థయమిన్ తోడ్పాటు అత్యవసరము. అది లేనిచో పొయ్యిలో కట్టెలు నిండుగ నున్నను మంట రాజుకొననట్లగును. పగలు రాత్రి విరామము లేక పనిచేయు గుండెకు ఈ శక్తి లోపము మొదటనే తగులును. రక్తనాళములు సడలి, గుండెపై భారము హెచ్చి, అది సాగిపోయి, కాళ్ళకు నీరు దిగును. సకాలమున థయమిన్ ఇచ్చినచో గంటలలోనే ఆయాసము తగ్గుటయు, కొన్ని దినములలో గుండె మరల తన ప్రమాణమునకు వచ్చుటయు వైద్యులు చూచియున్నారు. ఆహారముచే వచ్చి, ఆహారముచే నివారింపదగిన గుండె వ్యాధికి ఇది యొక నిదర్శనము.

లెక్క చూతము. పెద్దవానికి దినమునకు కావలసిన థయమిన్ ఒక మిల్లీగ్రాముకు కొంచెము పైన. వంద గ్రాముల ముడిబియ్యములో అది సుమారు 0.4 మిల్లీగ్రాము, బాగుగ తెల్లచేసిన బియ్యములో 0.1 కంటెను తక్కువ. అరకిలో బియ్యము వండుకొను కష్టజీవికి ముడిబియ్యములో రెండు మిల్లీగ్రాములుండగా, తెల్లబియ్యములో అర మిల్లీగ్రామైనను ఉండదు. దానిని మూడుసార్లు కడిగి, గంజి వార్చినచో ఆ కొంచెమును కుడితి తొట్టికి పోవును. దేహము దీనిని ఎక్కువగా నిలువచేసికొనజాలదు. కొద్ది వారములకే కొట్టు ఖాళీయగును. బక్కచిక్కిన కూలివానికి తెల్లన్నము పెట్టి, తవుడు పశువులకు వేసినచో, పశువు బలిసి మనిషి కూలుటలో ఆశ్చర్యమేమి?

ఈ దినములలో మన జిల్లాలలో బెరిబెరి అరుదు. పప్పులు, గోధుమలు, పాలు, కూరలు భోజనమున చేరుటవలన ఆ లోపము పూడినది. అయినను అన్నము తప్ప మరియేమియు లేని పేదయిండ్లలోను, మితిమీరి మద్యము సేవించువారిలోను అది నేటికిని తొంగిచూచును. మరియొక హెచ్చరిక. నేడు మన ఊళ్ళలో వినబడు గుండెపోట్లు అధికముగ రక్తనాళములు పూడుకొనుటచే కలుగునవి. వానికి పొగాకు, రక్తపోటు, మధుమేహము, క్రొవ్వు మున్నగు కారణములు వేరు. దంపుడు బియ్యము తినినంతనే అవి రావని తలచి వైద్యుని విడువరాదు. శాస్త్రము ఒక ప్రశ్నకు చెప్పిన సమాధానమును వేరొక ప్రశ్నకు అంటగట్టుట శాస్త్రము కాదు.

ఐక్‌మన్ జీవితమునుండి మనము నేర్వదగినది, దంపుడు బియ్యము మంచిదనుట యొక్కటియే కాదు. మన తాతమ్మలు రోలు రోకలితో దంచిన బియ్యములో సారమున్నదిగాని, ఏల యున్నదో వారెరుగరు. ఎరుగనందువలననే తెల్లని మరబియ్యము రాగానే దానిని గౌరవమని తలచి, తమ బిడ్డల బలమును తామే పారబోసికొనిరి. మంచి ఆచారమైనను దాని కారణము తెలియనినాడు నిలువదు. ఆ కారణమును తెలుపునది విద్య. తెల్లని దంతయు శ్రేష్ఠము కాదనియు, పారవేయుదానిలో ప్రాణముండవచ్చుననియు, కోళ్ళు జబ్బుపడుట, మానుట వంటి చిన్న సంగతి కూడ విచారింపదగినదేననియు ఆయన చరిత్రము చెప్పుచున్నది.

మన గ్రంథాలయమునకు వచ్చు బాలబాలికలలో ఎవరైనను ఇంట వడ్లను, తవుడును, కుడితిని చూచినప్పుడు ఏల యని యొక్క ప్రశ్న వేసికొందురుగాక. తోచిన దానిని కాగితముపై నిజముగా వ్రాసి యుంచుదురుగాక. ఈ గ్రంథాలయపు బీరువాలు అట్టి ప్రశ్నలకు తోడై మరి యిరువదియైదేండ్లు, ఆ పిమ్మటను వర్ధిల్లుగాక యని ప్రార్థించుచు, ఈ పుణ్యచరితమును చదువరులకు సమర్పించుచున్నాను.